పాత మోటార్‌హోమ్ బ్యాటరీలు: కొత్తవి కొనేముందు చేయాల్సిన పని

పదిహేను ఇరవై ఏళ్ల మోటార్‌హోమ్ (లోపలే పడక, వంటిల్లు ఉన్న బండి) చేతికి రాగానే చాలామంది పెట్టే మొదటి ఖర్చు కొత్త బ్యాటరీలు. రెండేళ్లు తిరక్కముందే అవీ పోతాయి, మళ్లీ కొంటారు. బ్యాటరీని చంపేది మాత్రం బండిలోనే కూర్చుని ఉంటుంది: ఎప్పటికీ నిండా ఎక్కించని ఛార్జరు, రాత్రీ పగలూ కొంచెం కొంచెంగా తాగే పరికరం, చిలుము పట్టిన ఎర్త్ బోల్టు. దాన్ని పట్టుకోకుండా బ్యాటరీ మార్చడం చిల్లికుండలో నీళ్లు పోయడమే. అందుకే ఇక్కడ ముందు పరీక్షలు, తర్వాత మరమ్మతులు, చివరికే కొత్త బ్యాటరీ.

ముందు రెండు బ్యాటరీలనూ వేరుగా గుర్తుపట్టండి

ఇంజన్‌ను తిప్పే స్టార్టర్ బ్యాటరీలో పలుచని ప్లేట్లు ఎక్కువగా ఉంటాయి. కొన్ని సెకన్లపాటు వందల ఆంపియర్లు ఇచ్చి, వెంటనే మళ్లీ నిండిపోవడం దాని పని. లోపలి దీపాలు, నీళ్ల పంపు, ఫ్యాన్లు నడిపే హౌస్ బ్యాటరీలో ప్లేట్లు మందంగా ఉంటాయి. గంటల తరబడి కొద్దికొద్దిగా ఇవ్వడానికే దాన్ని డీప్ సైకిల్‌గా తయారుచేస్తారు. పాత యజమాని చవకగా దొరికిందని హౌస్ బ్యాటరీ స్థానంలో స్టార్టర్ బ్యాటరీ పెట్టి ఉంటే, అది కొన్ని డజన్లసార్లు బాగా దిగగానే పనికిరాకుండా పోతుంది. లేబుల్ చూడండి. కోల్డ్ క్రాంకింగ్ ఆంపియర్లు (చలిలో ఇంజన్ తిప్పడానికి ఇవ్వగల కరెంటు) మాత్రమే రాసి, ఆంపియర్ గంటలు (ఎన్ని ఆంపియర్లు ఎన్ని గంటలు ఇవ్వగలదో చెప్పే అంకె) ఎక్కడా లేకపోతే అది హౌస్ పనికి చేసింది కాదని అనుకోవచ్చు.

హౌస్ వైపు రెండు 6 వోల్టుల గోల్ఫ్ కార్ట్ బ్యాటరీలు కనిపిస్తే వాటిని తక్కువ అంచనా వేయకండి. సిరీస్‌లో కలిపితే 12 వోల్టులు, సుమారు 220 ఆంపియర్ గంటలు వస్తాయి. నీళ్లు పోసే రకాల్లో ఇంత మొండి బ్యాటరీ ఇంకోటి దొరకదు.

చేతిలో ఉండాల్సినవి: రెండు దశాంశ స్థానాల దాకా చూపే డిజిటల్ మల్టీమీటర్, డీసీ కరెంటును కొలిచే క్లాంప్ మీటర్, నీళ్లు పోసే బ్యాటరీలకైతే గ్రావిటీ (యాసిడ్ సాంద్రత) చూసే హైడ్రోమీటర్, వైర్ బ్రష్, వంటసోడా, డిస్టిల్డ్ వాటర్, కళ్లద్దాలు, రబ్బరు చేతితొడుగులు. క్లాంప్ మీటర్ ఏసీకి మాత్రమే పనికొచ్చేది కాకూడదు. కొనేటప్పుడు ఇక్కడే పొరపాటు జరుగుతుంది.

పని మొదలుపెట్టేముందు ఉంగరాలు, గడియారం తీసేయండి. ఛార్జయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, గాలిలో అది 4 శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. పెట్టె తలుపు తీసి కాసేపు గాలి ఆడనివ్వండి. తీసేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు చివర్న నెగెటివ్. పాజిటివ్ మీద ఉన్న స్పానర్ బండి బాడీకి తగిలినా, నెగెటివ్ ముందే ఊడి ఉంటే ఏమీ కాదు. ఊడకపోతే ఆ స్పానర్ అక్కడే అతుక్కుపోతుంది.

బ్యాటరీ బతికే ఉందా

ఛార్జర్ తీసేసి, లోడ్లన్నీ ఆపి, కనీసం 4 గంటలు, వీలైతే రాత్రంతా వదిలేయండి. ఛార్జరు తీసిన వెంటనే చూస్తే పైపై ఛార్జి వల్ల 13కి పైగా చూపించి మోసం చేస్తుంది. తర్వాత టెర్మినల్ పోస్టు మీదే మీటర్ పెట్టి చదవండి. నీళ్లు పోసే లెడ్ యాసిడ్ బ్యాటరీ 25 డిగ్రీల దగ్గర ఇలా చూపిస్తుంది:

12.7 వోల్టులు: నిండుగా ఉంది
12.4: ముప్పావు
12.2: సగం
12.0: పావు
11.9, అంతకన్నా తక్కువ: ఖాళీ

ఏజీఎం బ్యాటరీ (నీళ్లు పోయనక్కర్లేని మూసిన లెడ్ యాసిడ్ రకం) నిండినప్పుడు 12.8 నుంచి 12.9 దాకా ఉంటుంది. లెడ్ యాసిడ్‌ను సగం కన్నా దిగనివ్వకపోవడం మంచి అలవాటు, అంటే 12.2 కనిపించగానే ఛార్జి పెట్టాలి. లోడ్ నడుస్తుండగా చూసిన అంకె ఇంతకన్నా తక్కువే ఉంటుంది కాబట్టి దాన్ని ఈ పట్టికతో పోల్చకండి.

వోల్టేజీ బ్యాటరీ ఎంత నిండిందో చెబుతుంది, ఎంత పట్టుకోగలదో చెప్పదు. సల్ఫేషన్‌తో (ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడటంతో) ముప్పావు భాగం గడ్డకట్టిన బ్యాటరీ కూడా 12.7 చూపించగలదు. ఇంకో రెండు పరీక్షలు అవసరమయ్యేది ఇందుకే.

మొదటిది గ్రావిటీ. బ్యాటరీని నిండా ఛార్జ్ చేసి, ఒక్కో సెల్ మూత తీసి హైడ్రోమీటర్‌తో యాసిడ్ పీల్చి చూడండి. నిండిన సెల్ 1.265 నుంచి 1.275 మధ్య, సగం ఉన్నది 1.190 దగ్గర చూపిస్తుంది. యాసిడ్ 27 డిగ్రీలకన్నా వేడిగా ఉంటే ప్రతి 10 డిగ్రీలకు 0.007 కలపండి, చల్లగా ఉంటే అంతే తీసేయండి. విడివిడి అంకెలకన్నా సెల్‌కీ సెల్‌కీ ఉన్న తేడా ముఖ్యం. ఆరింటిలో ఒకటి మిగతావాటికన్నా 0.050 వెనకబడితే ఆ సెల్ పోయినట్టే, ఆ బ్యాటరీకి వైద్యం లేదు. అన్నీ సమానంగా 1.220 దగ్గర ఆగిపోతే మాత్రం ఆశ ఉంది: అది సరిగా ఎక్కని ఛార్జి, లేదా మొదలైన సల్ఫేషన్.

రెండోది కెపాసిటీ పరీక్ష. దీన్ని దాదాపు ఎవరూ చేయరు, నిజం చెప్పేది మాత్రం ఇదే. ఆంపియర్ గంటలను 20 గంటల లెక్కన, 10.5 వోల్టులదాకా దించి కొలుస్తారు. 100 ఆంపియర్ గంటల బ్యాటరీకి 5 ఆంపియర్ల లోడ్ కావాలి; 60 వాట్ల హాలోజన్ హెడ్‌లైట్ బల్బు దాదాపు అంతే తాగుతుంది. బల్బు బాగా వేడెక్కుతుంది కాబట్టి ఇటుక మీదో రాతి మీదో పెట్టండి. నిండిన బ్యాటరీకి కలిపి టైమ్ రాసుకోండి. 10.5కి దిగేసరికి 12 గంటలు పట్టిందంటే మిగిలింది సుమారు 60 ఆంపియర్ గంటలు. 80 శాతం కన్నా తగ్గితే బ్యాటరీ వయసైపోయిందని తయారీదారుల లెక్క. 50 శాతం దాకా వాడుకోవచ్చు, దాని మీద ఆధారపడి దూరాలు మాత్రం వెళ్లకూడదు. పరీక్ష ముగిసిన నిమిషం నుంచే ఛార్జి పెట్టండి. ఖాళీగా ఒక్క రాత్రి ఉంచినా ప్లేట్ల మీది సల్ఫేటు గట్టిపడటం మొదలవుతుంది.

నీళ్లు, ఈక్వలైజింగ్, టెర్మినళ్లు

నీళ్లు పోసే బ్యాటరీని నెలకోసారి తెరిచి చూడాలి, ఎండల్లో పక్షానికోసారి. డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ పోయకూడదు. కుళాయి నీళ్లలోని ఇనుము, క్లోరైడ్లు ప్లేట్లను తినేస్తాయి. యాసిడ్ అసలే పోయకూడదు, ఎందుకంటే ఆవిరై పోయింది నీళ్లే, యాసిడ్ లోపలే ఉంది.

పోయడానికీ సమయముంది. ఛార్జయ్యేటప్పుడు యాసిడ్ మట్టం పెరుగుతుంది. ఛార్జికి ముందే గొంతుదాకా నింపితే పొంగి పెట్టెలో పడుతుంది, అక్కడి ఇనుమంతా తుప్పు. కాబట్టి ప్లేట్లు బయటపడి ఉంటే అవి మునిగేంత మాత్రమే పోసి, నిండా ఛార్జ్ చేసి, ఆ తర్వాత లోపలి గొట్టం అంచుకు 3 మిల్లీమీటర్ల కిందదాకా నింపండి. ప్లేట్లు చాలాకాలం గాలికి ఆరి ఉంటే ఆ భాగం తిరిగి రాదు.

అన్ని సెల్‌లూ తక్కువ గ్రావిటీ దగ్గర ఆగిపోయిన నీళ్ల బ్యాటరీకి ఈక్వలైజింగ్ (కావాలనే కాస్త ఎక్కువ ఛార్జి ఎక్కించి సెల్‌లను సమం చేయడం) చేసి చూడవచ్చు. నిండా ఛార్జ్ చేశాక ఛార్జర్‌ను 15.5 నుంచి 16 వోల్టుల దగ్గర, చిన్న కరెంటుతో నడపండి. ముందు బండి లోడ్లన్నీ తీగలతో సహా విడదీయండి. ఫ్రిజ్ బోర్డు, ఎల్ఈడీ దీపాలు ఈ వోల్టేజీకి కాలిపోవచ్చు. గంటకోసారి గ్రావిటీ చూడండి. వరుసగా రెండుసార్లు పెరగకపోతే ఆపేయండి. బ్యాటరీ 50 డిగ్రీలకు చేరినా ఆపేయండి. జెల్, ఏజీఎం బ్యాటరీల జోలికి దీనితో వెళ్లకండి. మూసిన బ్యాటరీలో నీరు ఆవిరైతే మళ్లీ పోసే దారి లేదు.

టెర్మినల్ మీద తెల్లగా, నీలంగా పొడి కడితే కప్పు నీళ్లలో ఒక చెంచా వంటసోడా కలిపి పోయండి, నురగ ఆగేదాకా. సెల్ మూతలు బిగించి ఉండాలి. సోడా చుక్క లోపల పడితే యాసిడ్‌ను చంపేస్తుంది. మంచినీటితో కడిగి, ఆరబెట్టి, పోస్టునూ లగ్గు (కేబుల్ చివరి లోహపు బిగింపు) లోపలి భాగాన్నీ లోహం మెరిసేదాకా బ్రష్ చేసి, బిగించి, ఆ తర్వాత పైన పెట్రోలియం జెల్లీ రాయండి. జెల్లీ రాసి బిగించడం కాదు, బిగించి రాయడం. ఎప్పుడూ ఒకే పోస్టు దగ్గర పొడి కడుతుంటే ఆ పోస్టు సీలు నుంచి యాసిడ్ కారుతోందని, లేదా ఓవర్‌ఛార్జ్ అవుతోందని అర్థం.

ఎవరు తాగుతున్నారు

అన్నీ ఆపేశాక కూడా పాత మోటార్‌హోమ్ ఎంతో కొంత తాగుతూనే ఉంటుంది. 0.1 ఆంపియర్ చూడటానికి ఏమీ లేదనిపిస్తుంది. రోజుకు అది 2.4 ఆంపియర్ గంటలు. 100 ఆంపియర్ గంటల బ్యాటరీని మూడు వారాల్లో సగానికి దింపేస్తుంది, ఆరు వారాల్లో ఖాళీ చేసేస్తుంది. షెడ్డులో నిలబెట్టిన బండి బ్యాటరీలు ఎక్కువగా ఇలాగే పోతాయి.

లోపల అన్నీ ఆపి, మెయిన్స్ (బయటి నుంచి వచ్చే ఇంటి కరెంటు) ప్లగ్ తీసి, నెగెటివ్ కేబుల్ చుట్టూ డీసీ క్లాంప్ పెట్టండి. క్లాంప్ లేకపోతే నెగెటివ్ కేబుల్ విప్పి మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ల సాకెట్లో పెట్టి మధ్యలో కలపండి. ఆ సమయంలో పంపు, ఇన్వర్టర్ ఆన్ అయితే మీటర్ ఫ్యూజ్ ఎగిరిపోతుంది, జాగ్రత్త. 0.05 ఆంపియర్ లోపు ఉంటే బండి బాగుంది. 0.1 నుంచి 0.3 పాత బండ్లలో మామూలే. అర ఆంపియర్ దాటితే ఏదో ఆగకుండా నడుస్తోంది.

ఒక్కో ఫ్యూజ్ తీస్తూ మీటర్ చూడండి. అంకె ఎక్కడ పడిపోతే దొంగ ఆ లైన్లోనే ఉన్నాడు. తరచూ దొరికేవాళ్లు: గ్యాస్ లీక్ అలారం, రేడియో మెమరీ, ఫ్రిజ్ కంట్రోల్ బోర్డు, మెట్టు కిందనో సామాన్ల అరలోనో స్విచ్ ఇరుక్కుని వెలుగుతూ ఉన్న బల్బు, టీవీ యాంటెనా బూస్టర్. ఈ బూస్టర్ స్విచ్ గోడ ప్లేటు మీద చిన్న దీపంతో ఉంటుంది, ఎవరికీ గుర్తుండదు. కొన్ని పాత ఫ్రిజ్‌లలో తలుపు చుట్టూ తేమ పట్టకుండా చిన్న హీటరు ఉంటుంది. దాన్ని ఆన్‌లో వదిలేస్తే ఫ్రిజ్ గ్యాస్ మీద నడుస్తున్నా బ్యాటరీ దిగిపోతూనే ఉంటుంది.

నెగెటివ్ కేబుల్లో ఒక కటాఫ్ స్విచ్ పెట్టుకుంటే నిలబెట్టినప్పుడు ఈ బాధ ఉండదు. అది ఆఫ్ చేస్తే గ్యాస్ అలారం కూడా ఆగిపోతుంది. అందుకని ఆఫ్‌లో ఉంచి లోపల ఎవరూ పడుకోకూడదు, ఒక్క రాత్రికైనా సరే.

లోడ్ తగ్గించడం కూడా బ్యాటరీ వైద్యమే. పాత బల్బు ఒక్కోటి 1.4 ఆంపియర్ల దాకా తాగుతుంది. ఆరు బల్బులు నాలుగు గంటలు వెలిగితే 33 ఆంపియర్ గంటలు. అదే వెలుగుకు ఎల్ఈడీ 0.2 ఆంపియర్ చాలు, మొత్తం 5 లోపే. కొత్త బ్యాటరీ కొనడంకన్నా ముందు చేయాల్సిన చవకైన పని ఇది.

ఛార్జి సరిగా వస్తోందా: మెయిన్స్ వైపు

మెయిన్స్ కరెంటును 12 వోల్టులుగా మార్చే పెట్టెను కన్వర్టర్ అంటారు. పాత కన్వర్టర్లలో చాలావాటికి ఒకే వోల్టేజీ తెలుసు, 13.6 నుంచి 13.8 దాకా. ఈ ఒక్క అంకెతో రెండు నష్టాలు జరుగుతాయి. బ్యాటరీని నిండా ఎక్కించడానికి నీళ్ల రకానికి 14.4 నుంచి 14.8 కావాలి కాబట్టి, వారాంతపు ప్రయాణంలో ఎప్పటికీ నిండదు, సల్ఫేట్ గట్టిపడుతుంది. అదే బండిని నెలల తరబడి ప్లగ్‌లో వదిలేస్తే నిండిన బ్యాటరీకి 13.2 నుంచి 13.5 చాలు కాబట్టి, మిగిలిన ఒత్తిడికి నీళ్లు మెల్లగా మరిగిపోతాయి. ఒకే బండిలో ఒకే కన్వర్టర్ ప్రయాణంలో ఆకలితో, షెడ్డులో అజీర్తితో బ్యాటరీని చంపుతుంది.

పరీక్ష ఇది. బ్యాటరీని 12.2 దాకా దించి, ప్లగ్ పెట్టి, బ్యాటరీ పోస్టుల దగ్గర వోల్టేజీ చూడండి. అరగంటలో 13 దాటి ఎక్కుతూ ఉండాలి. 12.2 దగ్గరే ఉండి ఇంకా దిగుతుంటే కన్వర్టర్ నుంచి ఏమీ రావడం లేదు. పెట్టె మార్చేముందు దాని మీది రివర్స్ పోలారిటీ ఫ్యూజులు చూడండి. ఎవరో ఒకసారి బ్యాటరీ తీగలు తారుమారుగా తగిలించి ఉంటే అవే పోతాయి. కన్వర్టర్ దగ్గర 13.7, బ్యాటరీ దగ్గర 13.2 ఉంటే పెట్టె బాగానే ఉంది, తీగలో పోతోంది.

కన్వర్టర్ పోయిందని తేలితే దాన్ని విప్పి బాగుచేయించవద్దు. మూడు దశల ఛార్జర్ (బ్యాటరీ నిండేకొద్దీ వోల్టేజీని తనే మార్చుకునేది) ఉన్న కొత్తది పెట్టండి. సైజు: నీళ్ల బ్యాటరీ ఆంపియర్ గంటల్లో 10 నుంచి 20 శాతం. 220 ఆంపియర్ గంటలకు 25 నుంచి 45 ఆంపియర్లు. వీలైనంత బ్యాటరీ పక్కనే పెట్టండి. 45 ఆంపియర్లు 16 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో ఒకటిన్నర మీటరు వెళ్లి తిరిగొస్తే 0.15 వోల్టు పోతుంది. అదే 5 మీటర్లయితే అర వోల్టు, అంటే ఛార్జరు ఇచ్చిన 14.4 బ్యాటరీకి చేరేసరికి 13.9. పని మొదలుపెట్టేముందు మెయిన్స్ ప్లగ్ బయటికి తీసి, జనరేటర్, ఇన్వర్టర్ రెండూ ఆపండి. మెయిన్స్ వైపు అనుభవం లేనివాళ్లు ఆ రెండు మూడు తీగల పనికి ఎలక్ట్రీషియన్‌ను పిలవడమే సరి.

రంగులను నమ్మకండి. అమెరికాలో తయారైన బండ్లలో నల్ల తీగ మెయిన్స్‌లో కరెంటు ఉన్న తీగ, కారు వైరింగ్‌లో నల్లది నెగెటివ్. పాత మోటార్‌హోమ్‌లో రెండూ ఒకే గోడ వెనక కలుస్తాయి. ప్రతి తీగనూ మీటర్‌తో చూశాకే ముట్టుకోండి.

ఛార్జర్‌కు ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటే బ్యాటరీకి తగిలించండి. 25 డిగ్రీల పైన ప్రతి డిగ్రీకి 12 వోల్టుల బ్యాటరీకి 0.03 వోల్టు తగ్గించాలి, చలికి అంతే పెంచాలి. 40 డిగ్రీల పెట్టెలో అది దాదాపు అర వోల్టు తేడా. మండుటెండలో బ్యాటరీ ఉబ్బిపోయేది ఇక్కడే.

ఇంజన్ వైపు

ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) రెండు బ్యాటరీలనూ నింపి, ఆగినప్పుడు రెంటినీ విడదీయడానికి బండిలో ఐసొలేటర్ ఉంటుంది. లేకపోతే రాత్రి దీపాలు స్టార్టర్ బ్యాటరీని కూడా తాగేస్తాయి.

పాతవాటిలో రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి రెక్కలున్న అల్యూమినియం దిమ్మ, లోపల కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్లు. ఇంజన్ నడుస్తుండగా మధ్య పోస్టు దగ్గర వోల్టేజీ రెండు పక్కలకన్నా 0.6 నుంచి 0.8 ఎక్కువ ఉండాలి. ఆ 0.7 మాత్రం ఎప్పుడూ పోయేదే. ఆల్టర్నేటర్ 14.2 ఇస్తే బ్యాటరీకి అందేది 13.5. ఒక పక్క తేడా లేకుండా సమానంగా ఉంటే డయోడ్ షార్ట్ అయింది, ఒక పక్కకు అసలు రాకపోతే తెగింది.

రెండోది సోలనాయిడ్. ఇగ్నిషన్ వేయగానే టక్‌మని శబ్దం వచ్చి రెండు బ్యాటరీలనూ కలుపుతుంది. ఇంజన్ నడుస్తుండగా రెండు పెద్ద బోల్టుల మధ్య మీటర్ పెట్టండి. 0.1 లోపు ఉంటే మంచిది, 0.3 దాటితే లోపలి కాంటాక్టులు కాలాయి. శబ్దమే రాకపోతే చిన్న బోల్టు దగ్గర 12 వోల్టులు వస్తున్నాయా చూడండి. వస్తూ కూడా కదలకపోతే కాయిల్ పోయింది, లేదా దాని ఎర్త్ పోయింది. మార్చేటప్పుడు నిరంతరం ఆన్‌లో ఉండేందుకు చేసిన కంటిన్యువస్ డ్యూటీ రకమే అడగండి. బయటికి ఒకేలా కనిపించే స్టార్టర్ సోలనాయిడ్ కొన్ని సెకన్ల పనికి చేసింది. దాన్ని పెడితే గంటలోపే కాలి వాసన వస్తుంది.

గంటసేపు బండి నడిపితే బ్యాటరీ నిండిపోతుందనుకోవడం పెద్ద అపోహ. సగానికి దిగిన 220 ఆంపియర్ గంటల బ్యాటరీ జతకు 25 ఆంపియర్లు అందితే 80 శాతం దాకా రావడానికే రెండున్నర గంటలు దాటుతుంది. చివరి 20 శాతానికి ఇంకో నాలుగైదు గంటలు, దాన్ని తొందరపెట్టలేం.

కేబుళ్లు, ఎర్త్, ఫ్యూజులు

పాత బండిలో సగం రోగాలు ఇక్కడే. దీపాలు మినుకుమినుకుమంటున్నా, పంపు నీరసంగా తిరుగుతున్నా, బండి లోపల వేడినిచ్చే ఫర్నేస్ వెలగబోయి ఆగిపోతున్నా బ్యాటరీని తిట్టేముందు వోల్టేజ్ డ్రాప్ (తీగల్లో, జాయింట్లలో పోయే వోల్టేజీ) చూడండి. 10 ఆంపియర్ల లోడ్ ఆన్ చేసి, మీటర్ ఎర్ర ముల్లు బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద (లగ్గు మీద కాదు, సీసం పోస్టు మీదే), నల్ల ముల్లు ఫ్యూజ్ బోర్డుకు పాజిటివ్ వచ్చే బోల్టు మీద పెట్టండి. 0.2 లోపు ఉంటే సరే. 0.3 దాటితే ముల్లు ఒక్కో జాయింటు వెంట ముందుకు జరుపుతూ వెళ్లండి. అంకె ఒక్కసారిగా ఎక్కడ దూకితే రోగం అక్కడే. తర్వాత నెగెటివ్ పోస్టు నుంచి ఎర్త్ బార్ దాకా ఇలాగే.

తేడా ఎక్కువగా దొరికేది ఎర్త్ వైపే. బండి కింద ఛాసిస్‌కు బిగించిన బోల్టు పైకి బాగానే కనిపిస్తుంది, కింద తుప్పు. విప్పి, రూపాయి బిళ్ల వెడల్పున పెయింటూ తుప్పూ తీసేసి తెల్ల లోహం కనిపించేలా రుద్దండి. స్టార్ వాషర్ వేసి బిగించి, ఆ తర్వాతే పైన పెయింటో గ్రీజో పూయండి. బ్యాటరీ నెగెటివ్ నుంచి ఛాసిస్‌కు వెళ్లే కేబుల్ పాజిటివ్ కేబుల్ ఎంత లావో అంతే ఉండాలి. ఇంజన్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఉండే అల్లిక పట్టీ కూడా చూడండి, పాతబడి పోగులు తెగిపోతుంటుంది.

తీగ లావు లెక్కకు ఒక సూత్రం: వెళ్లే దూరం మీటర్లలో × 2 × ఆంపియర్లు × 0.0175, దాన్ని చదరపు మిల్లీమీటర్లతో భాగించండి. పోయే వోల్టులు వస్తాయి. 6 మీటర్ల దూరంలో 10 ఆంపియర్ల పంపుకు 2.5 తీగ వేస్తే 0.84 వోల్టు పోతుంది, 6 తీగ వేస్తే 0.35. ఇన్వర్టర్ ఉంటే ఇంకా జాగ్రత్త: వాట్లను 10తో భాగిస్తే దాదాపు ఆంపియర్లు. 2000 వాట్లంటే 200 ఆంపియర్లు, దానికి 70 చదరపు మిల్లీమీటర్ల కేబుల్, అదీ పొట్టిగా.

లగ్గు పీకి చూసినప్పుడు లోపల రాగి నల్లగా, పచ్చగా ఉంటే చివర కోసేయండి. ఎర్రటి రాగి కనిపించేదాకా కోయాల్సిందే. కొన్నిసార్లు చిలుము తొడుగు కింద అర మీటరు దాకా పాకి ఉంటుంది, అప్పుడు కేబుల్ మొత్తం మార్చడమే. కొత్త లగ్గును హెక్స్ క్రింపర్‌తో నొక్కి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే తొడుగు) తొడిగి, గట్టిగా లాగి చూడండి. సోల్డర్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. కుదుపులకు సోల్డర్ ఆగిన చోట పోగులు విరుగుతాయి.

హౌస్ వైపు ప్రతి పాజిటివ్ కేబుల్‌కూ బ్యాటరీ నుంచి 18 సెంటీమీటర్లలోపే ఫ్యూజ్ ఉండాలి. ఫ్యూజ్ తీగను కాపాడడానికి, అందుకే దాని సైజు తీగ మోయగలిగినంతే. పాత బండ్లలో పేలిన ఫ్యూజ్ స్థానంలో పెద్దది పెట్టి ఉంచడం, ఇంకా ఘోరంగా తీగముక్క చుట్టి ఉంచడం కనిపిస్తుంది. అది దొరికిన రోజే తీసేయండి, బండి గోడలు చెక్కా ఫోమూ.

ఇప్పుడు కొత్త బ్యాటరీలు

పైవన్నీ సరిచేశాక కూడా కెపాసిటీ పరీక్షలో ఓడిందే కొత్తదానికి చోటివ్వాలి. రెండు బ్యాటరీలు ప్యారలల్‌గా పెడితే రెండూ ఒకే రకం, ఒకే సైజు, ఒకే వయసు ఉండాలి. పాతదాని పక్కన కొత్తది పెడితే పాతది కొత్తదాన్ని తనతోపాటు లాగేస్తుంది. బండికి వెళ్లే పాజిటివ్ మొదటి బ్యాటరీ నుంచి, నెగెటివ్ రెండోదాని నుంచి తీసుకోండి; అప్పుడు రెండూ సమానంగా పనిచేస్తాయి, సమానంగా నిండుతాయి.

ఛార్జర్‌లో బ్యాటరీ రకం ఎంపిక తప్పకుండా మార్చండి. జెల్‌కు 14.1 నుంచి 14.4 మించకూడదు, ఏజీఎంకు 14.4 నుంచి 14.7. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పెట్టాలనుకుంటే మూడు సంగతులు ముందే తేల్చుకోండి. పాత కన్వర్టర్ దాన్ని సరిగా నింపదు. అది ఎంత ఇచ్చినా తాగుతుంది కాబట్టి ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోవచ్చు, మధ్యలో డీసీ నుంచి డీసీ ఛార్జర్ తప్పనిసరి. సున్నా డిగ్రీల కింద దాన్ని ఛార్జ్ చేయకూడదు. ఈ మూడు ఖర్చులూ కలిపి చూసుకున్నాకే లాభమో నష్టమో తెలుస్తుంది. ఏడాదికి కొన్ని రోజులే బయటికెళ్లే పాత బండికి రెండు గోల్ఫ్ కార్ట్ బ్యాటరీలే మా సలహా.

పైకప్పు కారితే వైరింగూ పోతుంది

పాత మోటార్‌హోమ్‌ను నిజంగా తినేది నీరు. పైకప్పు వెంట్ దగ్గర కారిన చుక్క తీగ వెంట జారి, మూడు మీటర్ల అవతల జాయింటులో చిలుము కట్టిస్తుంది. కింది గోడ తడిసే సరికి లోపలి చెక్క మెత్తబడి ఉంటుంది. కాబట్టి ఏడాదికి రెండుసార్లు పైకెక్కి ప్రతి వెంట్, యాంటెనా, మూలల చుట్టూ ఉన్న సీలెంటు చూడండి. బీటలు, లేచిన అంచులు ఉంటే ప్లాస్టిక్ గీకుడుతో ఊడే వరకు తీసేయండి. వెంట్ విప్పితే దాని అంచు కింద పాత టేప్ మొత్తం తీసి కొత్త బ్యూటైల్ టేప్ (జిగట రబ్బరు టేప్) పరిచి బిగించండి. స్క్రూ పట్టు లేకుండా తిరిగితే కింది చెక్క కుళ్లింది. గట్టి చెక్క వచ్చేదాకా కోసి, ఆరబెట్టి, అదే మందం ప్లైవుడ్ వేయాలి. పైన సెల్ఫ్ లెవలింగ్ సీలెంటు స్క్రూ తలలన్నీ మునిగేలా, అంచుకు అటూ ఇటూ సెంటీమీటరు దాటేలా పోయండి. నిలువు గోడలకు జారని రకం వాడాలి.

సిలికాన్ వద్దు. అది రెండేళ్లకు ఊడుతుంది, అది తాకిన చోట మరింకేదీ అతుక్కోదు. కప్పు ఈపీడీఎం రబ్బరైతే పెట్రోలియం ద్రావకాలతో తుడవకండి, రబ్బరు ఉబ్బి లేస్తుంది. సోలార్ ప్యానెల్ తీగ కోసం కొత్త రంధ్రం చేయబోయేవాళ్లు ముందు ఫ్రిజ్ వెంట్ చూడండి. ఆ గొట్టం నుంచే తీగ దించేయవచ్చు.

నెలల తరబడి నిలబెట్టేటప్పుడు

బ్యాటరీని నిండా ఛార్జ్ చేసి, నీటి మట్టం చూసి, కటాఫ్ స్విచ్ ఆపండి. నీళ్ల బ్యాటరీ ఏ లోడూ లేకుండానే నెలకు 5 శాతం, ఒక్కోసారి అంతకు మించి కూడా దిగుతుంది, వేడిలో ఇంకా ఎక్కువ. కాబట్టి ఆరు వారాలకోసారి ఛార్జి పెట్టాలి. నీడలేని చోటైతే కంట్రోలర్ ఉన్న 20 నుంచి 30 వాట్ల సోలార్ ప్యానెల్ నేరుగా బ్యాటరీకి కలిపితే ఆ పని అదే చూసుకుంటుంది, ఆ కలిపే తీగకూ ఫ్యూజ్ ఉండాలి. గడ్డకట్టే చలి ఉన్న చోట ఖాళీ బ్యాటరీ మైనస్ 7 డిగ్రీల దగ్గరే గడ్డకట్టి పగులుతుంది, నిండినది మైనస్ 50కి కూడా తట్టుకుంటుంది. మళ్లీ బయల్దేరే వారం ముందు విశ్రాంతి వోల్టేజీ, ఆరు సెల్‌ల గ్రావిటీ, ఎర్త్ వైపు డ్రాప్ కొలిచి, పెట్టె మూత లోపలివైపు అతికించిన కాగితం మీద తేదీతో రాసిపెట్టండి. వచ్చే ఏడాది ఏ సెల్ వెనకబడుతోందో ఆ కాగితమే ముందుగా చూపిస్తుంది.